కదలని కోతిని గమనించడం నేర్చుకున్న నాలుగు నెలలు

పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి అడ్డంగా కట్టిన గటూన్ ఆనకట్ట వెనక నీరు నిండి, 1913 నాటికి చుట్టుపక్కల లోయలన్నీ మునిగిపోయాయి. ఆ సరస్సు మధ్యలో మునగకుండా మిగిలిన కొండ తలే బారో కొలొరాడో ద్వీపం. సుమారు 1,500 హెక్టార్ల ఆ అడవిని 1923లో పరిశోధన కోసం కేటాయించారు. ఇప్పుడు దాన్ని స్మిత్‌సోనియన్ ఉష్ణమండల పరిశోధన సంస్థ నిర్వహిస్తోంది. ఒక ఏడాది సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా, అంటే అక్కడి వానాకాలం రెండో సగమంతా, ఆ ద్వీపంలో ఒక హౌలర్ కోతుల గుంపును గమనించి లెక్క రాసే పనిలో సహాయ పరిశీలకులలో ఒకరిగా ఉన్నాను. ఆ పని ఎలా నేర్చుకున్నానో, నేర్చుకునే క్రమంలో ఆ కోతుల బతుకు నాకు ఎంతవరకు అర్థమైందో ఇక్కడ రాస్తున్నాను.

నేను గమనించవలసినవి మ్యాంటిల్డ్ హౌలర్లు. ఒళ్లంతా నలుపు, రెండు పక్కల మీద మాత్రం శాలువా అంచులా వేలాడే పొడవాటి బంగారు రంగు వెంట్రుకలు. ఆ శాలువా వల్లనే వాటికి ఆ పేరు వచ్చింది. స్పానిష్‌లో వీటిని ‘మోనో అవుయాదోర్’ అంటారు, అరిచే కోతి అని అర్థం. వెళ్లకముందు నాకు వీటి గురించి తెలిసినదంతా ఆ అరుపు గురించే. రోజంతా గోల చేస్తూ కొమ్మ మీంచి కొమ్మకు దూకే జంతువును ఊహించుకున్నాను. ఆ ఊహలో అరుపు తప్ప మిగతాదేదీ నిజం కాదని మొదటి వారంలోనే తేలిపోయింది.

అడవిలోకి పంపే ముందు మూడు రోజులు గదిలో కూర్చోబెట్టి పని నేర్పారు. మా శిక్షకురాలు చాలా ఏళ్లుగా హౌలర్లతో గడిపిన మనిషి. మొదటి రోజే ఆమె ఒక పెట్టెలోంచి దూది చుట్టిన ఎముకను తీసి నా అరచేతిలో పెట్టారు. మనుషుల్లో నాలుక మొదట్లో గుర్రపు లాడం ఆకారంలో ఉండే చిన్న ఎముకను హయాయిడ్ అంటారు. హౌలర్లలో అదే ఎముక ఉబ్బి, లోపల డొల్లగా, వెనకవైపు నోరు తెరుచుకున్న గిన్నెలా మారింది. నా చేతిలో ఉన్నది దక్షిణ అమెరికాకు చెందిన ఎర్ర హౌలర్ మగదానిది. అందులో కోడిగుడ్డు పట్టేంత చోటుంది. గోడలు ఎంత పలుచనంటే, కిటికీ వైపు పట్టుకుంటే వెలుతురు లోపలి నుంచి కనిపించింది. స్వరపేటికలో పుట్టిన శబ్దం ఈ గిన్నెలోనూ దాని పక్కనున్న గాలి సంచులలోనూ మార్మోగి, తన ఒంటికి ఏమాత్రం పొంతన లేని బొంగురు గొంతుగా బయటికి వస్తుంది. ఏడెనిమిది కిలోల కోతి, తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన జంతువులా వినిపించడం వెనక ఉన్న పనిముట్టు ఇదే.

“మన ద్వీపంలో ఉన్నవాటికి ఇంత పెద్దది ఉండదు,” అని ఆమె వెంటనే చెప్పారు. ఎందుకని అడిగితే, 2015లో వెలువడిన ఒక అధ్యయనం గురించి వివరించారు. హౌలర్ జాతులను పోల్చి చూసినప్పుడు, గుంపుకు ఒకే మగది ఉండే జాతులలో హయాయిడ్ పెద్దగానూ వృషణాలు చిన్నగానూ ఉన్నాయి. ఒక గుంపులో అనేక మగవి కలిసి బతికే జాతులలో అది తిరగబడింది. మ్యాంటిల్డ్ హౌలర్లు రెండో రకం. పోటీదారుణ్ని గొంతుతో దూరం పెట్టగలిగిన జాతి గొంతు మీద ఖర్చు పెట్టింది, పోటీదారుడి పక్కనే బతకవలసిన జాతి మరోచోట ఖర్చు పెట్టింది. ఖర్చు అనే మాట ఆమె ఆ మూడు రోజుల్లో చాలాసార్లు వాడారు. హౌలర్ చేసే ప్రతి పనికీ, ముఖ్యంగా చేయని ప్రతి పనికీ, అది ఎంత ఖర్చో ముందుగా ఆలోచించమన్నారు. ఆ మాట విలువ నాకు నెల తర్వాత గాని తెలియలేదు.

నాలుగో రోజు తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే నన్ను ఒక ఎత్తైన గట్టు మీద నిలబెట్టారు. చేతిలో దిక్సూచి, గడియారం, తడిసినా చెడని కాగితాల పుస్తకం. మరో ఇద్దరు ద్వీపంలో వేరే రెండు చోట్ల నిలబడ్డారు. హౌలర్లు తెల్లవారేటప్పుడు అరుస్తాయి కాబట్టి, అరుపు వినిపించిన క్షణాన్ని, అది వచ్చిన దిక్కును డిగ్రీలలో రాసుకోవాలి. ముగ్గురి గీతలూ పటం మీద కలిసిన చోట ఆ గుంపు రాత్రి నిద్రపోయిన చెట్టు ఉంటుంది. వినడానికి తేలికగా ఉన్న ఈ పని నాకు మొదటి రోజు అసలు చేతకాలేదు. ముందు ఎక్కడో గురక లాంటి చిన్న ముక్కలు వచ్చాయి, అవి ఒకదానితో ఒకటి అంటుకుని, పెరిగి పెరిగి, అడవి మొత్తం ఒకే గొంతుగా గర్జిస్తున్నట్టయింది. ఆ గర్జన ఏ దిక్కు నుంచి వస్తోందో చెప్పలేక నిలబడిపోయాను. ప్రశాంతంగా ఉన్న ఉదయాన అది రెండు మూడు కిలోమీటర్ల దూరానికి అవలీలగా చేరుతుంది. దగ్గరలో ఉంటే చెవితో కాకుండా ఛాతీతో విన్నట్టుంటుంది. వారం రోజులకు, గర్జన మొదలవక ముందు వచ్చే ఆ గురక ముక్కలనే పట్టుకుని దిక్కు రాయాలని అర్థమైంది. గొంతు పూర్తిగా తెరుచుకున్నాక కొండలు దాన్ని అన్ని వైపులకూ తిప్పేస్తాయి.

ఒక గుంపు అరవగానే పక్క గుంపు జవాబిస్తుంది, దానికి మరొకటి. పది నిమిషాలలో ఎవరు ఎక్కడున్నారో అందరికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత ఏ గుంపూ అనవసరంగా మరో గుంపు పండ్ల చెట్టు దాకా నడిచి వెళ్లి తగాదా పడవలసిన అవసరం ఉండదు. అనుకోకుండా ఎదురెదురుగా వచ్చినప్పుడు మాత్రం మళ్లీ గంటసేపు అరుచుకుంటాయి, కొమ్మలు ఊపుతాయి, చాలాసార్లు దెబ్బలాట లేకుండానే ఒకటి వెనక్కి తగ్గుతుంది. ఉరుముకు, జోరున వచ్చే వానకు, తక్కువ ఎత్తులో వెళ్లే విమానానికి కూడా మగవి అరిచేవి. నేను ఉన్నది వానాకాలం కాబట్టి మధ్యాహ్నం వాన రాకముందే వాటి గొంతు విని పుస్తకాన్ని సంచిలో దాచుకోవడం అలవాటైంది.

రెండో వారం నుంచి ఒకే గుంపును రోజంతా వెంబడించడం మొదలుపెట్టాను. ఆ గుంపులో అప్పటికి 19 కోతులున్నాయని పాత నమోదులు చెబుతున్నాయి. మూడు పెద్ద మగవి, ఎనిమిది పెద్ద ఆడవి, మిగిలినవి ఎదుగుతున్నవీ చంటివీ. నేను మొదటిసారి లెక్కపెట్టినప్పుడు 13 వచ్చాయి, మర్నాడు 16, ఆ మర్నాడు 14. ముప్ఫై మీటర్ల ఎత్తున, ఆకుల వెనక, వెలుతురుకు అడ్డంగా ముద్దలా పడుకున్న నల్లటి ఒళ్లు చెట్టు బొడిపెలకు ఏ తేడా లేకుండా ఉంటాయి. తల్లి పొట్టకు కరుచుకున్న చంటిది, తల్లి లేచి కదిలితే తప్ప ఉన్నట్టే తెలియదు.

మగ, ఆడ తేడా పట్టడం ఇంకా కష్టం. ఈ జాతి పెద్ద మగవాటి వృషణాల సంచి తెల్లగా ఉండి దూరం నుంచే కనిపిస్తుంది గనుక వాటితో ఇబ్బంది లేదు. ఎదుగుతున్న మగపిల్లలలో మాత్రం వృషణాలు చాలాకాలం కిందికి దిగవు, అందువల్ల అవి ఆడపిల్లలలాగే కనిపిస్తాయి. మొదటి పదిహేను రోజులలో నేను ‘ఎదుగుతున్న ఆడది’ అని రాసిన మూడింటిలో రెండు మగవే. తప్పు తెలిసిన రోజు చాలా బాధపడ్డాను, ఎందుకంటే ఆ పదిహేను రోజుల పేజీలలో ఆ కోతులకు సంబంధించిన ప్రతి గడినీ తిరిగి దిద్దవలసి వచ్చింది. శిక్షకురాలు కోప్పడలేదు. “తెలియనప్పుడు తెలియదని రాసే గడి ఒకటుంది కదా, దాన్ని వాడండి,” అన్నారు. ఆ తర్వాత ఒక్కొక్క కోతినీ దాని గుర్తులతో నేర్చుకున్నాను. ఒకదాని తోక చివర విరిగి వంకరగా అతికింది. ఒకదాని పాదం మీద రూపాయంత లేత రంగు మచ్చ. ఒక పెద్ద ఆడదాని పై పెదవి చీలి ఉంది. అలా నెలాఖరుకు పద్దెనిమిదింటిని చూడగానే చెప్పగలిగాను.

మేము వాడిన పద్ధతి జీన్ ఆల్ట్‌మన్ 1974లో ప్రచురించిన వ్యాసం నుంచి జంతు పరిశీలకులందరికీ అలవాటైనదే. ప్రతి పదిహేను నిమిషాలకొకసారి కనిపిస్తున్న ప్రతి కోతీ ఆ క్షణంలో ఏం చేస్తోందో రాయాలి. దాంతోపాటు రోజుకు కొన్ని గంటలు ఒకే కోతిని ఎంచుకుని అది చేసే ప్రతి పనినీ రాయాలి. మనకు ఆసక్తికరంగా తోచినదాన్ని మాత్రమే చూసే మన కంటి పక్షపాతాన్ని అరికట్టడం ఈ నియమం ఉద్దేశం. నా పేజీలలో ఏ గడి చూసినా ఒకే అక్షరం ఉండేది, విశ్రాంతికి గుర్తుగా ‘వి’. వి, వి, వి, మళ్లీ వి. కింద నేను దోమలతో, బట్టల మీద వందలుగా పాకే పిడుదులతో అవస్థ పడుతుంటే, పైన అవి లావు కొమ్మకు పొట్ట ఆనించి, నాలుగు కాళ్లూ రెండు వైపులా వేలాడేసి, తోకను కొమ్మ చుట్టూ ఒక చుట్టు తిప్పి మూడేసి గంటలు నిద్రపోయేవి. వాటి మెలకువ సమయంలో మూడింట రెండు వంతులు విశ్రాంతిలోనే గడుస్తుంది. మూడో వారానికి నాకు విసుగు వచ్చి, ‘వి’ రాసే సమయాలలో నేనూ కళ్లు వాల్చసాగాను.

ఆ విసుగును పోగొట్టినది కేథరిన్ మిల్టన్ పరిశోధన. ఆమె ఇదే ద్వీపంలో 1970లలో ఈ కోతుల తిండి మీద పనిచేశారు. ఆమె లెక్కల ప్రకారం ఇక్కడి హౌలర్లు తినే సమయంలో దాదాపు సగం ఆకుల మీద, నలభై శాతం పైగా పండ్ల మీద, మిగిలినది పూల మీద గడుస్తుంది. ఆకుకు కరువు లేదు, కాని ఆకులో సత్తువ తక్కువ, పీచు ఎక్కువ. కొండముచ్చులకు ఆకును పులియబెట్టుకోవడానికి గదులున్న పొట్ట ఉంది. హౌలర్‌కు అలాంటిది లేదు, మామూలు పొట్టే. పీచును అరిగించే పని దాని పెద్దపేగులోని సూక్ష్మజీవులు చేస్తాయి. అందుకు తిండి లోపల చాలాసేపు నిలవాలి. అదే అడవిలో పండ్లు తిని బతికే సాలీడు కోతి తిన్నది నాలుగైదు గంటలలో బయటికి పోతే, హౌలర్ తిన్నది సుమారు ఇరవై గంటలు లోపలే ఉంటుంది. ఆ పులియడం వల్ల పుట్టే కొవ్వు ఆమ్లాల నుంచి దానికి రోజువారీ శక్తిలో మూడో వంతు దాకా దక్కవచ్చని మిల్టన్, ఆమె సహ పరిశోధకుడు 1983లో లెక్కగట్టారు.

ఇది చదివిన మర్నాడు నేను రాసిన ‘వి’ వేరుగా కనిపించింది. నేను సోమరితనం అనుకున్నది ఆ జంతువు చేస్తున్న పని. పొట్టను కొమ్మకు ఆనించి పడుకున్న కోతి లోపల ఆకు అరుగుతోంది. ఆ అరుగుదల పూర్తయ్యేదాకా అది మరో ఆకు కోసం నడవడం దండగ. అది రోజుకు నాలుగైదు వందల మీటర్లకు మించి ఎందుకు కదలదో, పక్క గుంపును తరమడానికి కాళ్ల బదులు గొంతును ఎందుకు వాడుతుందో, కాపుచిన్ కోతులలాగా కొమ్మకొమ్మనూ ఎందుకు వెతకదో, అన్నీ ఈ పేగు దగ్గరికే వస్తాయి. శిక్షకురాలు చెప్పిన ఖర్చు ఇదే. అప్పటి నుంచి ‘వి’ రాసేటప్పుడు, అది ఏ భంగిమలో పడుకుందో, ఎండలోనా నీడలోనా, తిన్న ఎంతసేపటికి పడుకుందో కూడా పక్కన రాయడం మొదలుపెట్టాను. ఎవరూ అడగని ఆ వివరాలే నా పుస్తకంలో నాకు ఎక్కువ ఇష్టమైనవి.

అక్టోబరు మొదట్లో ఒక ఉదయం, కొండవాలున నేను నిలబడిన చోటికి దాదాపు సమాన ఎత్తులో, పది పన్నెండు మీటర్ల దూరంలో, చీలిన పెదవి ఆడది తినడానికి కూర్చుంది. అంత దగ్గరగా అంతసేపు చూడడం మళ్లీ దొరకలేదు. అది తోకతో పై కొమ్మను పట్టుకుంది. తోక చివర లోపలివైపు వెంట్రుకలు లేని మెత్తటి చర్మం ఉంటుంది, మన వేళ్ల కొసలలాగే దాని మీద గీతలుంటాయి, కాబట్టి అది నిజంగా ఐదో చెయ్యే. చేతితో రెమ్మను దగ్గరికి లాక్కుంది. హౌలర్ పట్టు వింతగా ఉంటుంది, బొటనవేలికి మిగతా వేళ్లకు మధ్య కాకుండా, రెండో వేలికి మూడో వేలికి మధ్య కొమ్మను ఇరికించి పట్టుకుంటుంది. రెమ్మ చివర ఇంకా పూర్తిగా విచ్చుకోని ఎర్రటి లేత ఆకులు రెండింటిని తెంపి నమిలింది. పక్కనే చేతికందేలా పెద్ద పచ్చ ఆకులు గుత్తులుగా ఉన్నా ముట్టలేదు. మరో రెమ్మను వాసన చూసి వదిలేసింది. ఇంకో చెట్టు ఆకుకు కాడను మాత్రం కొరికి, ఆకును కింద పడేసింది. అది వెళ్లాక ఆ ఆకును ఏరి చూశాను, పళ్ల గాటు కాడ దగ్గర తిన్నగా, కత్తెరతో కోసినట్టుంది.

ఆకులు తమను తాము కాపాడుకోవడానికి చేదును, విషాన్ని దాచుకుంటాయి. ముదిరిన కొద్దీ పీచు పెరిగి మాంసకృత్తులు తగ్గుతాయి. అందుకే లేత ఆకు కోసం అంత వెతుకులాట. ఆ ఎరుపును పచ్చదనం నుంచి వేరు చేయగల కన్ను కూడా వాటికుంది. అమెరికా ఖండాల కోతులలో సాధారణంగా కొన్ని ఆడవి మాత్రమే మూడు ప్రాథమిక రంగులను చూడగలవు, మగవి చూడలేవు. హౌలర్లలో మగవీ ఆడవీ కూడా మనలాగే మూడింటినీ చూస్తాయి. మేడి జాతి చెట్లు కాసినప్పుడు మాత్రం ఈ ఎంపికలన్నీ పక్కన పెట్టి, గుంపంతా రెండు మూడు రోజులు ఆ ఒక్క చెట్టు మీదే ఉండిపోయేది. నీళ్ల కోసం అవి కిందికి దిగడం నేను చూడలేదు. ఆకులోని తేమే చాలావరకు సరిపోతుంది, ఒకటి రెండుసార్లు చెట్టు తొర్రలో నిలిచిన వాన నీటిలో చేయి ముంచి, వేళ్ల నుంచి కారే నీటిని నాకడం చూశాను.

నిద్ర లేచాక, కదిలే ముందు, గుంపంతా దాదాపు ఒకేసారి విసర్జిస్తుంది. కొత్తవాళ్లెవరైనా ఈ పాఠాన్ని నెత్తి మీదే నేర్చుకుంటారు, నేనూ అంతే. ఆ చోటును వదిలి పారిపోకుండా ఐదు నిమిషాలు నిలబడితే మరొకటి కనిపిస్తుంది. పేడపురుగులు ఝుమ్మంటూ ఎగిరి వచ్చి, ఉండలు చేసుకుని, వాటిని దొర్లించుకుపోయి మట్టిలో పూడుస్తాయి. ఆ ఉండలలో హౌలర్ మింగిన గింజలుంటాయి. నేల మీదే ఉండిపోతే ఎలుక జాతుల పాలయ్యే గింజలు అలా లోతుకు చేరి మొలకెత్తే అవకాశం పొందుతాయి. హౌలర్, పేడపురుగు కలిసి నాటిన చెట్లు ఆ అడవిలో ఎన్నో.

వాటి మధ్య బంధుత్వాలు అర్థం చేసుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. ఒకదాని వెంట్రుకలు ఒకటి దువ్వుకోవడం, పేలు చూసుకోవడం ఈ జాతిలో చాలా అరుదు. హోదా కనిపించేది చిన్న చిన్న విషయాలలోనే, తిండి దగ్గర ఎవరు వస్తే ఎవరు జరిగిపోతారన్నదానిలో. ఆడవాటిలో చిన్న వయసుదే పైన ఉంటుంది, వయసు పెరిగే కొద్దీ హోదా తగ్గుతుంది. చాలా కోతి జాతులలో ఉన్నదానికి ఇది విరుద్ధం. మగపిల్లలే కాక ఆడపిల్లలు కూడా ఎదిగాక పుట్టిన గుంపును వదిలి వెళ్లడం దీనికి ఒక కారణంగా చెబుతారు. గుంపులో పెద్ద ఆడవి సాధారణంగా తల్లీకూతుళ్లో అక్కాచెల్లెళ్లో కావు, వేర్వేరు చోట్ల నుంచి వచ్చి చేరినవి.

లెక్క సరిగా తేలే చోటు ఏదో నాకు అడవిలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక పనామా పెద్దాయన చూపించారు. “కోతుల వెంట పరుగెత్తకండి, అవి ఎక్కడ దాటాలో అక్కడ ముందే కూర్చోండి,” అని చెప్పి, దారి పక్కన రెండు పెద్ద చెట్ల మధ్య ఉన్న ఖాళీ దగ్గరికి తీసుకెళ్లారు. రెండు వైపుల కొమ్మలు కలిసే చోటు ఒక్కటే ఉంది. గుంపులోని ప్రతి కోతీ అదే కొమ్మ చివరికి వచ్చి, అదే రెమ్మను పట్టుకుని, ఒకదాని వెనక ఒకటిగా దాటాలి. క్లారెన్స్ రే కార్పెంటర్ 1931 డిసెంబరులో ఈ ద్వీపానికి వచ్చి, అడవి కోతులను వాటి చోటనే పద్ధతి ప్రకారం గమనించడానికి దారి వేసినప్పుడు కూడా, ఇలా వరుసలో దాటేటప్పుడే లెక్క కుదిరేదట. ఆ రోజు నేను మొదటిసారి 19 లెక్కపెట్టాను. పదిహేడోది ఏడాది వయసు పిల్ల. ఖాళీ దగ్గరికి వచ్చి ఆగి, సన్నగా ఏడ్చింది. ముందే దాటిన తల్లి వెనక్కి వచ్చింది. తోకతో, వెనక కాళ్లతో అటు చెట్టును పట్టుకుని, చేతులు చాచి ఇటు రెమ్మను అందుకుని, తన ఒంటినే వంతెనగా సాగదీసి నిలబడింది. పిల్ల ఆ వీపు మీదుగా పాకి దాటింది. తల్లి చేయి వదలగానే రెమ్మ వెనక్కి కొట్టుకుని, దాని మీది వాన నీరంతా నా పుస్తకం మీద పడింది. పద్దెనిమిది, పందొమ్మిది ఆ తర్వాత దాటాయి.

నవంబరులో పండ్లు తగ్గిపోయాయి. వానాకాలం చివర ఆ ద్వీపంలో హౌలర్లకు కటకట కాలం. బాట్ ఈగ అనే ఒక ఈగ లార్వాలు ఈ కోతుల చర్మం కింద, ఎక్కువగా మెడ చుట్టూ చేరి, ఆరు వారాల దాకా అక్కడే పెరిగి, చర్మానికి రంధ్రం చేసుకుని నేల మీద పడతాయి. పెద్ద కోతులు ఒకటి రెండు లార్వాలను తట్టుకుంటాయి. రెండేళ్లు నిండని ఒక పిల్ల మెడ మీద నేను ఐదు బొడిపెలు లెక్కపెట్టాను. అది రోజురోజుకూ గుంపు వెనక పడేది, తక్కువ ఎత్తున ఉండేది. ఒక మధ్యాహ్నం నాకు నాలుగు మీటర్ల ఎత్తున ఒక పొదలాంటి చెట్టు మీద కూర్చుని, నా వైపు చూసి కూడా కదలలేదు. జోక్యం చేసుకోకూడదని నియమం. ఆ నియమం ఎందుకో నాకు తెలుసు, అది సరైనదని ఇప్పటికీ నమ్ముతాను. అయినా పదిహేను నిమిషాలకొకసారి దాని పేరిట ‘వి’ రాయడం, ఇది అరుగుదల కోసం తీసుకుంటున్న విశ్రాంతి కాదని తెలిసి రాయడం, నా చేతకాలేదు. ఆ గడిలో ‘కదలిక లేదు, కళ్లు తెరిచి ఉన్నాయి’ అని రాశాను. మూడో రోజు ఉదయం అది నేల మీద దొరికింది. గుంపు అప్పటికి రెండు వందల మీటర్ల దూరంలో ఉంది.

ఆ రాత్రి శిక్షకురాలు పాత లెక్కలు చూపించారు. కార్పెంటర్ 1932లో ద్వీపమంతా తిరిగి 398 హౌలర్లను లెక్కపెట్టారు, 1933లో 489. 1951లో లెక్కపెట్టినవారికి దొరికినవి దాదాపు 240. మధ్యలో పసుపు జ్వరం వచ్చిపోయింది. దోమల ద్వారా వ్యాపించే ఆ వ్యాధికి హౌలర్లంత తేలికగా బలయ్యే కోతులు తక్కువ. బ్రెజిల్‌లో 2016 నుంచి 2018 దాకా అది విజృంభించినప్పుడు గోధుమ రంగు హౌలర్లు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. అడవిలో హౌలర్ల శవాలు కనిపించడం మనుషులకు టీకాలు వేయవలసిన సమయం వచ్చిందని చెప్పే మొదటి హెచ్చరిక. వాటి నుంచి మనుషులకు నేరుగా సోకుతుందని భయపడి వాటిని చంపినవారు కూడా ఉన్నారు. జ్వరాన్ని మోసేది దోమ, కోతి కాదు. ఈ ఒక్క మాట ప్రతివారికీ తెలియాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. బారో కొలొరాడోలో మాత్రం అవి కోలుకున్నాయి, 1959 నాటికి 814కు చేరాయి, 1970లలో వెయ్యి దాటాయి. చూసి ఏడవడానికి కాదు, చనిపోయిన ఆ పిల్లకు లెక్కలో తన చోటు ఇవ్వడానికే మీరక్కడ ఉన్నారని శిక్షకురాలు అన్నారు. ఆమె గొంతు కూడా మామూలుగా లేదు.

నా పరీక్ష డిసెంబరు మొదటి వారంలో జరిగింది. నేనూ శిక్షకురాలూ పక్కపక్కనే నిలబడి, ఒకరి పుస్తకం ఒకరు చూడకుండా, ఒకే గుంపును రెండు రోజులు రాయాలి. రెండు నమోదులూ నూటికి 90కి తగ్గకుండా కలవాలి. కలిశాయి. తేడా వచ్చిన చోట్లలో ఎక్కువ భాగం, తింటోందా లేక తిండి వెతుకుతోందా అన్న దగ్గరే. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఆమెకూ పూర్తిగా తెలియదని ఒప్పుకున్నారు. పరీక్ష కంటే నాకు గుర్తుండిపోయినది ఆ రెండో రోజు ఉదయమే పుట్టిన చంటిది. వాటి గర్భకాలం ఆరు నెలలు, ఏడాదిలో ఏ నెలలోనైనా పుడతాయి. ఒళ్లంతా వెండి రంగు, తల్లి నల్లటి పొట్ట మీద బూడిద మచ్చలా కనిపించింది. మిగతా ఆడవి ఒక్కొక్కటే వచ్చి దాన్ని ముట్టుకుని, వాసన చూసి వెళ్లాయి.

ఇక పాదం మీద లేత మచ్చ ఉన్నది. నేను మొదట్లో సరిగా ‘ఎదుగుతున్న ఆడది’ అని రాసినది అదొక్కటే. నవంబరు చివర నుంచి అది గుంపు అంచున తినేది, అంచున నిద్రపోయేది. పెద్ద ఆడవి రెండు దాన్ని పండ్ల చెట్టు మీంచి పలుమార్లు జరిపేశాయి. డిసెంబరు రెండో వారంలో ఒక ఉదయం దాటే చోట కూర్చుని లెక్కపెడితే చంటిదానితో కలిపి 18 వచ్చాయి. రెండోసారి చూసినా అంతే. మచ్చ ఉన్నది లేదు. నాలుగు రోజులు దాని కోసం చూశాను. ఒంటరిగా తిరిగే హౌలర్లు సాధారణంగా అరవవు, అందువల్ల వాటిని వెతకడం దాదాపు అసాధ్యం.

నేను తిరిగి వెళ్లవలసిన ముందు రోజు, ఉత్తరం వైపు గుంపు అరుపులకు దిక్కులు రాసుకుని వస్తుండగా, వాటి నిద్ర చెట్టుకు పక్క చెట్టు మీద ఒక్క కోతి కనిపించింది. బైనాక్యులర్‌లో పాదం చూశాను. అదే. గుంపు తింటున్న మేడి చెట్టు వైపు తిరిగి కూర్చుంది. పది మీటర్ల లోపే ఉన్నా అటు దాటలేదు, అవీ దాన్ని తరమలేదు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను. గుంపు పడుకున్నప్పుడు అదీ పడుకుంది. గుంపు లేచి కదిలినప్పుడు అదే దూరం పాటిస్తూ వెనక కదిలింది. మా పట్టికలో అలాంటి కోతికి గడి లేదు, అది పాత గుంపులో 19వది కాదు, కొత్త గుంపులో ఇంకా ఏదీ కాదు. పేజీ అడుగున ఖాళీ జాగాలో సమయం, చెట్టు గుర్తు, దూరం రాసి, దాని పేరు పక్కన ‘వి’ అని పెట్టాను.